మూడేళ్ల బీఎస్సీతో జర్మనీ మాస్టర్స్ – అక్కడా మూడేళ్లే కదా, మనది ఎందుకు చాలదంటారు?

పుత్తూరు_పిల్లోడు:
అందరికీ నమస్తే. మాది పుత్తూరు, డిగ్రీ తిరుపతిలో చేసినా. బీఎస్సీ మ్యాథ్స్ ఫిజిక్స్ కంప్యూటర్స్, సింగిల్ మేజర్ (ఒకే మెయిన్ సబ్జెక్టు పద్ధతి) రాకముందు మూడు సబ్జెక్టుల బ్యాచ్. 74 పర్సెంట్ వచ్చింది. జర్మనీలో కంప్యూటర్ సైన్సో డేటా సైన్సో మాస్టర్స్ చేయాలని ఉండాది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీకి పోతే ఆయప్ప నా మెమోలు తిప్పి కూడా చూడలా, "మూడేళ్ల డిగ్రీ కుదరదు బాబూ, నాలుగేళ్లు ఉండాల, ముందు ఒక ఏడాది ఫౌండేషన్ కోర్సు తీసుకో, అది మేమే ఇస్తాం" అని ఫీజు కాయితం చేతిలో పెట్టేసినాడు.

నా డౌటు ఏందంటే, బొలోన్యా ప్రాసెస్ అని పెట్టుకొని యూరప్‌లో బ్యాచిలర్స్ మూడేళ్లు మాస్టర్స్ రెండేళ్లు చేసినారు కదా, వాళ్ల పిల్లోళ్లు మూడేళ్లు చదివి మాస్టర్స్‌లో కూర్చుంటాండారు, మరి నా మూడేళ్లు ఎట్ట తక్కువైనాయి? మా నాయనేమో ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేరు, ఇంటికాడ నుంచే బస్సులో పోయి రావచ్చు అంటాడు. తెలిసినోళ్లు చెప్పండి.

మురకంబట్టు_అక్క:
తమ్ముడూ, ముందు ఆ ఫౌండేషన్‌కి ఒక్క రూపాయి కట్టొద్దు. అది చేసినంత మాత్రాన నీ మూడేళ్లు నాలుగేళ్లు కావు.

నేను జర్మనీలోనే ఉండా, మాది చిత్తూరు. లెక్క చెప్తా, రోంత ఓపిగ్గా చదువు. వాళ్ల క్రెడిట్‌ని ఈసీటీఎస్ అంటారు. ఒక ఏడాది ఫుల్‌టైమ్ చదువుకి 60, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని, క్లాసు, ఇంట్లో చదువు, పరీక్ష అన్నీ కలిపి. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. మన కొత్త క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాదికి 40 క్రెడిట్లు, ఒక్కోదానికి 30 గంటలు, అంటే 1200. చాలా మంది ఒకటిన్నరతో గుణించేసి 120 క్రెడిట్ల డిగ్రీ 180 ఈసీటీఎస్ అంటారు, కొన్ని యూనివర్సిటీలు అది ఒప్పుకుంటాయి, కొన్ని గంటలు చూసి తక్కువ అంటాయి. ఇంకోటి, జర్మనీలో చాలా రాష్ట్రాల్లో స్కూలే 13 ఏళ్లు, మనకి ఇంటర్‌తో 12. వాళ్లు 13 ప్లస్ 3, మనం 12 ప్లస్ 3. నీ ప్రశ్నకి అసలు జవాబు అది, ఆ ఒక్క ఏడాది మీదే గొడవంతా.

అట్టని తలుపులన్నీ మూసేయలా. అక్కడ బ్యాచిలర్స్, మాస్టర్స్ కలిపి 300 క్రెడిట్లు రావాలనేది లెక్క. బ్యాచిలర్స్ 180 అయితే మాస్టర్స్ 120, నాలుగు సెమిస్టర్లు. కొన్ని చోట్ల, ముఖ్యంగా అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో, మాస్టర్స్ 90 క్రెడిట్లు మూడు సెమిస్టర్లే ఉంటుంది, వాటికి బ్యాచిలర్స్‌లో 210 అడుగుతారు, బీటెక్ వాళ్లకి అది సులువు, నీకు కాదు. తొందరగా అయిపోతుందని మన వాళ్లు ఆ మూడు సెమిస్టర్ల కోర్సులకే ఎగబడి అప్లై చేస్తారు, రిజెక్ట్ అయితే "మూడేళ్ల డిగ్రీ చెల్లదంట" అని ఊరంతా చెప్తారు. నువ్వు 120 వాటికే పెట్టు.

అసలు చిక్కు నీ బ్యాచ్‌తో ఉంది, ఏళ్లతో కాదు. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ అంటే మ్యాథ్స్‌లో ఇన్ని క్రెడిట్లు, థియరీలో ఇన్ని, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని అని విడివిడిగా రాసి పెట్టుంటారు. మీది మూడు సబ్జెక్టులకి సమానంగా పంచిన డిగ్రీ, పైన ఇంగ్లీషు, తెలుగు, స్కిల్ కోర్సులు, అందులో కంప్యూటర్స్ వాటా మూడో వంతు కూడా రాదు. అందుకని మ్యాథ్స్ ఎక్కువ అడిగే కోర్సులు చూడు, డేటా సైన్స్‌లో అట్టాంటివి దొరుకుతాయి. సిలబస్ మొత్తం, ఏ పేపర్‌కి ఎన్ని గంటలు, ఏ యూనిట్లో ఏముంది, యూనివర్సిటీ ముద్రతో తెచ్చి పెట్టుకో. వాళ్లు మార్కుల కంటే ముందు దాన్నే తిరగేస్తారు.

మార్కుల సంగతి కూడా చెప్తా. మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అని ఉంది, గరిష్టం 100, పాస్ 40, నీది 74. 26ని 60తో భాగించి 3తో గుణించి 1 కలుపు, 2.3 వస్తుంది. అక్కడ 1 అంటే బెస్టు, 4 అంటే పాసు. చాలా కోర్సులు 2.5 లోపల అడుగుతాయి కాబట్టి మార్కుల భయం పెట్టుకోవద్దు.

పాత_లెక్చరర్_తిరుపతి:
పై అమ్మాయి లెక్క బాగా చెప్పింది. కానీ బాబూ, నీ ప్రశ్నలో ఒక చిన్న తిరకాసు ఉంది, బొలోన్యా మన కోసం పెట్టింది కాదు. 1998లో పారిస్ సోర్బాన్‌లో నాలుగు దేశాల మంత్రులు మొదలుపెట్టారు, 1999 జూన్ 19న బొలోన్యాలో 29 దేశాలు సంతకం చేశాయి, 2010 కల్లా యూరోపియన్ హయ్యర్ ఎడ్యుకేషన్ ఏరియా అన్నారు, ఇప్పుడు 49 దేశాలు, రష్యా బెలారస్ హక్కుల్ని 2022లో ఆపేశారు. అంతకు ముందు జర్మనీలో డిప్లోమ్ అని ఏకబిగిన ఐదేళ్లు, ఇంకో దేశంలో ఇంకో రకం, ఊరికో కొలత ఉంటే అందరం లీటరు వాడదాం అనుకున్నట్టు వాళ్లలో వాళ్లు సర్దుకున్నారు. ఆ లీటరు పట్టుకుని మన చెంబు ఎంతని అడిగితే, కొలిచేవాడి ఇష్టం. పైగా వాళ్లలోనే అంతా ఒక్కటి కాలేదు, స్పెయిన్‌లో డిగ్రీ ఎక్కువగా నాలుగేళ్లే, 240 క్రెడిట్లు. జర్మనీలో లా, మెడిసిన్ ఇప్పటికీ పాత స్టేట్ ఎగ్జామ్ పద్ధతే. 2009లో అక్కడి విద్యార్థులే ఈ మార్పుల మీద రోడ్డెక్కారు, ఐదేళ్ల చదువుని మూడేళ్లలో కుక్కేశారు, ఊపిరాడటం లేదు అని.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. క్రెడిట్లు ఒకటి చేసుకుంటూనే బయటి పిల్లలకి ఫీజు గోడ పెంచుకుంటూ పోయారు. యూరప్ బయటి వాళ్లకి డెన్మార్క్ 2006లో ఫీజు పెట్టింది, స్వీడన్ 2011, ఫిన్లాండ్ 2017, నార్వే 2023. జర్మనీలో కూడా బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి సెమిస్టర్‌కి 1500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కి ఒక్కో సెమిస్టర్‌కి 4000 నుంచి 6000 యూరోలు. జర్మనీ అంటే ఫ్రీ అని ఇంకా అనుకునేవాళ్లు ఇది చూసుకోండి. మీ నాన్నగారు చెప్పిన ఎమ్మెస్సీ తీసిపారేసేది కాదు, అది చేస్తే ఈ 180 గొడవే ఉండదు.

మురకంబట్టు_అక్క:
సార్, ఫీజుల మాట నిజమే, కానీ జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇప్పటికీ ట్యూషన్ లేదు, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని ప్రతి సెమిస్టర్‌కి కట్టే చిన్న రుసుము మాత్రమే. ఎమ్మెస్సీ రెండేళ్లు చేసి మళ్లీ ఇక్కడ రెండేళ్లు మాస్టర్స్ అంటే, అడ్డమేమీ లేని పిల్లోడు రెండేళ్లు పోగొట్టుకున్నట్టే కదా. ముందు అప్లై చేసి చూడనీండి. రాకపోతే ఎమ్మెస్సీ ఎక్కడికీ పోదు.

కేటీరోడ్_కుర్రోడు:
అందరూ జర్మనీ జర్మనీ అంటారు, ఇటలీ సంగతి ఎవరూ ఎత్తరేం? నాది కూడా మూడేళ్ల బీఎస్సీనే మచ్చా, నేను ఇటలీలో చదువుతాండా. వాళ్ల డిగ్రీ మూడేళ్లు ప్లస్ రెండేళ్లు కాబట్టి మన మూడేళ్లతో పేచీ తక్కువ. యూనివర్సిటాలీ అనే ఇటలీ ప్రభుత్వ పోర్టల్‌లో ప్రీ ఎన్‌రోల్‌మెంట్, డిగ్రీలు పోల్చి చూసే చిమెయా అనే సంస్థ దగ్గర మన డిగ్రీ దేనికి సమానమో కాయితం తీసుకోవాల. ముఖ్యంగా రీజియన్ స్కాలర్‌షిప్, ఇంటి ఆదాయం చూసి ఇస్తారు, మార్కులు చూసి కాదు. ఎమ్మార్వో ఆఫీసులో ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఇంటి ఆస్తి, బ్యాంకు బ్యాలెన్సు, అన్నీ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి ఇటాలియన్‌లో ట్రాన్స్‌లేషన్. వచ్చిందంటే ఫీజు మాఫీ, చేతికి డబ్బులు, మెస్సు. కాకపోతే డబ్బులు టయానికి రావు, మొదటి విడత పడేదాకా ఇంటి నుంచే తెచ్చుకోవాల, కొన్ని రీజియన్లలో నీకు అర్హత ఉండాది గానీ ఫండ్ లేదు అని లిస్టులో పెట్టేస్తారు. దాని మీద ఒక్కదాని మీదే ధైర్యం చేసి రావద్దు. ఊళ్లో పార్ట్‌టైం కావాలంటే ఇటాలియన్ రాకుండా కష్టం, అది కూడా చెప్తాండా.

లీలామహల్_సర్కిల్:
మన మెయిన్ రోడ్డు మీద ఇడ్లీ బండ్ల కంటే అబ్రాడ్ కన్సల్టెన్సీ బోర్డులే ఎక్కువైనాయి సామీ 😂 అందరి గోడ మీదా అదే జెండాలు, అదే గ్రాడ్యుయేషన్ టోపీ ఫోటో. వీళ్లకి కమీషన్ వచ్చేది ప్రైవేటు యూనివర్సిటీల నుంచే, అందుకే ప్రభుత్వ యూనివర్సిటీ పేరు చెప్పరు. జర్మన్ రావాలంటే చెన్నైలో గోథే ఉంది, పొద్దున రైలెక్కితే పోయి రావచ్చు, అయినా ఇప్పుడు ఆన్‌లైన్లో కూడా చెప్తాండారు.

పుత్తూరు_పిల్లోడు:
అక్కా, అన్నా, సార్, చానా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలా. ఎరాస్మస్ ముండుస్ అని ఒకటి విన్నా, అది మనలాంటోళ్లకి వస్తుందా లేక ఐఐటీ వాళ్లకేనా? ఇంగ జర్మనీకి మొత్తం మీద చేతిలో ఎంత పెట్టుకోవాల?

మురకంబట్టు_అక్క:
ఐఐటీ వాళ్లకే అని ఎవరన్నారు, ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ ఎక్కువగా తీసుకునే దేశాల్లో మనది ఒకటి. కనీసం మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి ఒక మాస్టర్స్ నడుపుతాయి, నువ్వు కనీసం రెండు దేశాల్లో చదవాల. ఫీజు వాళ్లే చూసుకుంటారు, నెలకి 1400 యూరోలు ఇస్తారు, రెండేళ్ల దాకా, ఫ్లైటు వీసా ఇంటి అద్దె అన్నీ అందులోనే సర్దుకోవాల. పోటీ గట్టిగా ఉంటుంది, కానీ మార్కులు ఒక్కటే చూడరు, ఆ కోర్సే ఎందుకు అనే లెటర్ చానా ముఖ్యం, అది కన్సల్టెన్సీ రాసిచ్చే కాపీ పేస్టు అయితే పక్కన పడేస్తారు. గడువులు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి లోపల అయిపోతాయి, మన వాళ్లు ఏప్రిల్లో నిద్రలేస్తారు.

జర్మనీకి అయితే ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ కాయితాలు నిజమైనవేనని జర్మన్ ఎంబసీ తరఫున చూసి ఇచ్చేది), 2022 నవంబర్ నుంచి మన వాళ్లకి తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు, అప్లికేషన్ల సీజన్లో లేటవుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు దానికి పెట్టు. చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకునే యూని-అసిస్ట్‌లో మొదటి కోర్సుకి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. అన్నిటికంటే బరువు బ్లాక్డ్ అకౌంట్, ఏడాదికి 11,904 యూరోలు, అది ఖర్చు కాదు, నీ డబ్బే నెలకి 992 చొప్పున నీకే ఇస్తారు, కానీ వీసాకి ముందే మొత్తం చూపించాల. చాలా ఇళ్లలో ఆగిపోయేది అక్కడే. చదువుకుంటూ ఏడాదికి 140 ఫుల్ డేస్ పని చేయొచ్చు, అయినా మొదటి సెమిస్టర్లో పని దొరుకుతుందనే లెక్కతో రావద్దు.

పాత_లెక్చరర్_తిరుపతి:
ఒకటి మరిచిపోయాను. ఫ్రాన్స్‌తో 2018లో, యూకేతో 2022 జూలైలో మన ప్రభుత్వం డిగ్రీల గుర్తింపు ఒప్పందాలు చేసుకుంది. జర్మనీ ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా ఫ్రాన్స్ కూడా చూడు. అయినా ఒప్పందం ఉన్నా సీటు ఇచ్చేది ఆ డిపార్ట్‌మెంటే, అది గుర్తుంచుకో.

పుత్తూరు_పిల్లోడు:
సరే సార్. సిలబస్ కోసం యూనివర్సిటీకి పోతా. ముద్ర యాడ వేస్తారు, కాలేజీలోనా, యూనివర్సిటీ ఎగ్జామ్ సెక్షన్‌లోనా?

కేటీరోడ్_కుర్రోడు:
ముందు కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం పెట్టించుకొని తర్వాత యూనివర్సిటీకి పో మచ్చా, లేకుంటే వెనక్కి పంపిస్తారు. సెమిస్టర్ల వారీగా జిరాక్సులు నాలుగు సెట్లు తీసుకో. ట్రాన్‌స్క్రిప్ట్‌కి కూడా అప్పుడే అప్లై చేసేయ్, రెండూ ఒకేసారి అయిపోతాయి.