అప్‌డేట్: బాబాయి తొడలో గడ్డ హైడాటిడ్ తిత్తే (కుక్కల బద్దెపురుగు పిల్లల వల్ల వచ్చే నీటితిత్తి)

తొడ కండరంలో నొప్పి లేని గడ్డకు సూది పరీక్ష చేయించాలా అని అడిగాను కదా, వద్దన్నవాళ్లదే రైటు. చెన్నైలో ఎంఆర్‌ఐ తీస్తే పెద్ద తిత్తిలో ద్రాక్షగుత్తిలా పిల్లతిత్తులు. రక్తపరీక్ష మాత్రం నెగెటివ్! కండరంలో ఉంటే అలా రావడం మామూలే, దాన్ని నమ్మి వదిలేయకూడదు. సూది గుచ్చితే లోపలి నీరు కారి అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) రావచ్చు, చుట్టుపక్కల కొత్త తిత్తులూ పుట్టొచ్చు. కాలేయం, ఊపిరితిత్తులు కూడా స్కాన్ చేశారు, ఏమీ లేదు.

పురుగుల మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. రోజుకు 2 సార్లు, నెయ్యన్నం తిన్నాకే. పరగడుపున వేస్తే సరిగా ఒంటబట్టదు. ఆపరేషన్‌లో చుట్టూ 20 శాతం సెలైన్‌లో (గాఢమైన ఉప్పునీటిలో) తడిపిన గుడ్డలు పరిచి, తిత్తి పగలకుండా మొత్తం తీశారు. మందు ఇంకా నడుస్తోంది, 2 వారాలకోసారి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క).