చెరువు సెన్సర్ల సర్వర్లకి ప్రొమీథియస్, గ్రఫానా: గేట్‌వే ఆగినా గీత సూటిగానే ఉంది, అలర్ట్ రాలేదు

భీమవరం నోడ్:

అందరికీ నమస్తే. భీమవరం, ఆకివీడు, మొగల్తూరు చుట్టుపక్కల 140 రొయ్యల చెరువుల నుంచి డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, నీటి ఉష్ణోగ్రత 5 నిమిషాలకోసారి వచ్చే సిస్టం ఇది. ఊరికో గేట్‌వే (సెన్సర్ల రీడింగుల్ని పోగుచేసి పంపే పెట్టె), అందులో సిమ్. అక్కణ్ణుంచి ఎంక్యూటీటీ (సెన్సర్లు మెసేజ్‌లు పంపే పద్ధతి) మీద ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌కి. అక్కడ మూడు ఈసీ2లు (అద్దె సర్వర్లు, అన్నీ టీ3 స్మాల్ సైజు), ఒక ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్.

క్లౌడ్‌వాచ్‌లో (ఏడబ్ల్యూఎస్ సొంత మానిటరింగ్) సీపీయూ కనిపిస్తోంది గానీ ర్యామ్, డిస్క్ వాడకం కనిపించదు. అందుకని నాలుగో ఈసీ2 తీసుకుని ప్రొమీథియస్ (కొలతల్ని పోగుచేసి అలర్ట్ నియమాలు చూసేది), గ్రఫానా (వాటిని గ్రాఫులుగా చూపేది) డాకర్ కంటెయినర్లలో వేశాం. ఎంక్యూటీటీ కలెక్టర్ (ఆ మెసేజ్‌లు అందుకునే ప్రోగ్రాం) రీడింగుల్ని పుష్‌గేట్‌వేలో (ప్రొమీథియస్ వచ్చి తీసుకోవడానికి విలువలు ఉంచే చోటు) పెడుతోంది. మూడు చోట్ల ఆగాం.

ఒకటి, మొన్న రాత్రి 1:20కి ఒక ఊరి గేట్‌వే ఆగిపోయింది. గ్రఫానాలో మాత్రం ఆ ఊరి చెరువులన్నీ ఉదయం 6 దాకా చివరి రీడింగు దగ్గరే ఉండిపోయాయి. 7వ నంబరు చెరువైతే 5.4 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టుంది. డీవో 4 కంటే తగ్గితే అలర్ట్ అని పెట్టాం, రాలేదు.

రెండు, క్లౌడ్‌వాచ్ ఎక్స్‌పోర్టర్ (క్లౌడ్‌వాచ్ కొలతల్ని ప్రొమీథియస్‌కి అందించేది) కంటెయినర్ క్రెడెన్షియల్స్ దొరకలేదంటోంది. మెషీన్‌కి ఐఏఎమ్ రోల్ (ఏడబ్ల్యూఎస్ అనుమతులు) తగిలించే ఉంది. డాకర్ బయట అదే మెషీన్ మీద కమాండ్ ఇస్తే చక్కగా పనిచేస్తోంది.

మూడు, అసలు ఏయే అలర్ట్‌లు పెట్టుకోవాలి? రాత్రి అందరినీ లేపకూడదు, లేవాల్సినప్పుడు లేవకపోనూ కూడదు.

గోదారి గట్టు:

మొదటిదానికి చెబుతానండి, అన్నిట్లోకీ అదే ప్రమాదం.

పుష్‌గేట్‌వే తనకి ఇచ్చిన విలువని మర్చిపోదు. మీరు చెరిపేదాకా దాచుకుని, ప్రొమీథియస్ వచ్చి అడిగినప్పుడల్లా అదే 5.4ని ఇస్తూనే ఉంటుంది, దానికి పడేది అడిగిన క్షణం టైమే. ప్రొమీథియస్‌కి అది తాజా రీడింగే. రాత్రి రెండింటికి చెరువులో డీవో పడిపోతున్నా మీ నియమం 5.4నే చూస్తుంది. పుష్‌గేట్‌వే ఉన్నది ఒకసారి నడిచి ముగిసిపోయే పనుల కోసం, రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ లాంటివాటికి. సెన్సర్లకి అది తగదు.

కలెక్టర్‌లోనే మెట్రిక్స్ (కొలతల) పేజీ తెరవండి, ప్రొమీథియస్ నేరుగా అక్కడికే వస్తుంది. చెరువుకి రెండు మెట్రిక్‌లు తప్పనిసరి: రీడింగు ఒకటి, ఆ రీడింగు అందిన టైము ఒకటి. అప్పుడు నియమం ఇలా ఉంటుంది: ఇప్పటి టైములోంచి చివరి రీడింగు టైము తీసేస్తే 900 సెకన్లు దాటిందా, దాటి 5 నిమిషాలు అలాగే ఉందా. 5 నిమిషాల రీడింగుకి 900 అంటే వరుసగా మూడు తప్పినట్టు. ఒక్కటి తప్పితే లేపితే, వారానికల్లా ఆ అలర్ట్‌ని ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడ మూడు గుంటలున్నాయి.

టైము కలెక్టర్‌కి అందినప్పటిది తీసుకోండి, గేట్‌వే చెప్పింది కాదు. కరెంటు పోయి వచ్చాక గడియారం సరిచేసుకోని గేట్‌వేలు పాత తేదీతో పంపిస్తాయి. గేట్‌వే టైముని వేరే మెట్రిక్‌గా ఉంచండి, తేడా ఎంతుందో చూడటానికి పనికొస్తుంది.

ఎంక్యూటీటీలో రిటెయిన్ (చివరి మెసేజ్‌ని దాచి ఉంచమనే గుర్తు) పెట్టి పంపిస్తున్నారేమో చూడండి. పెడితే, కలెక్టర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ బ్రోకర్ (ఎంక్యూటీటీ మెసేజ్‌లు పంచే సర్వర్) దాచిన పాత మెసేజ్‌ని చేతిలో పెడుతుంది. కలెక్టర్ దాన్ని ఇప్పుడే వచ్చిందనుకుంటుంది. అలా వచ్చినవాటికి రిటెయిన్ గుర్తు 1గా ఉంటుంది, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

చివరిది, రీస్టార్ట్ అయిన కలెక్టర్‌కి ఇంకా రీడింగు పంపని చెరువు అసలు ఉన్నట్టే తెలియదు. మెట్రిక్ లేకపోతే తీసివేత జరగదు, అలర్టూ రాదు. మొదలయ్యేటప్పుడే డేటాబేస్ నుంచి చెరువుల జాబితా తెచ్చుకుని అన్నిటికీ చివరి టైము 0 పెట్టండి. 5 నిమిషాల గడువు ఉంది కాబట్టి రీడింగు పంపే చెరువు ఆలోపే సర్దుకుంటుంది. అంచుకి దగ్గరగా ఉందనిపిస్తే 10 చేసుకోండి.

అమలాపురం అడ్మిన్:

రెండోది మెటాడేటా హాప్ లిమిట్ అండి. ఐఎమ్‌డీఎస్ (మెషీన్‌కి దాని రోల్ క్రెడెన్షియల్స్ ఇచ్చే సర్వీసు) రెండో వెర్షన్‌లో టోకెన్ జవాబు ఒక్క హాప్ (నెట్‌వర్క్‌లో ఒక అంగ) మాత్రమే వెళ్ళేలా ఉంటే, డాకర్ బ్రిడ్జి దాటి కంటెయినర్ దాకా చేరదు. బయట పనిచేసి లోపల పనిచేయకపోవడానికి కారణం అదే. ఇన్‌స్టెన్స్ మెటాడేటా ఆప్షన్లలో హాప్ లిమిట్ 2 చేయండి, మెషీన్ రీస్టార్ట్ అక్కర్లేదు. చిరాకేసి యాక్సెస్ కీలు తీసి కంటెయినర్‌లో పెట్టేయకండి, ఎప్పుడో ఒకప్పుడు అవి గిట్ రిపోలోకి వెళ్ళిపోతాయి.

రోల్‌కి చదివే అనుమతులు చాలు: లిస్ట్ మెట్రిక్స్, గెట్ మెట్రిక్ స్టాటిస్టిక్స్, గెట్ మెట్రిక్ డేటా, ట్యాగ్‌లకి గెట్ రిసోర్సెస్, ఈసీ2కి డిస్క్రైబ్ ఇన్‌స్టెన్సెస్.

అది తీరగానే ఇంకోటి తగులుతుంది, ముందే చెప్పేస్తాను. క్లౌడ్‌వాచ్ ఎక్స్‌పోర్టర్ మామూలుగా 600 సెకన్ల వెనకటి డేటా అడుగుతుంది, క్లౌడ్‌వాచ్‌లో విలువలు కుదురుకోవడానికి టైము పడుతుంది కాబట్టి. ఆ విలువల్ని వాటి అసలు టైముతోనే ఇస్తుంది. ప్రొమీథియస్ ఏమో ఈ క్షణం విలువ అడిగితే 5 నిమిషాల వెనక్కి మాత్రమే చూస్తుంది. దాంతో గ్రాఫులో గీత ఉంటుంది, అలర్ట్ నియమంలో ఏమీ ఉండదు. నియమంలో లాస్ట్ ఓవర్ టైమ్ ఫంక్షన్ (ఇచ్చిన వ్యవధిలో చివరి విలువ తెచ్చేది) వాడి 20 నిమిషాల కిటికీ ఇవ్వండి. ఆఫ్‌సెట్ 10 నిమిషాలు (అంటే 10 నిమిషాల వెనకటి విలువ చూడమని) పెట్టమని కూడా చెబుతారు. ఎక్స్‌పోర్టర్ నుంచి నిమిషానికోసారి డేటా లాగేవాళ్ళకి అది సరిపోతుంది, 5 నిమిషాలకోసారి లాగితే మధ్యమధ్య ఖాళీ వచ్చి అలర్ట్ గడువు మళ్ళీ మొదటికొస్తుంది.

లాగడం 5 నిమిషాలకే పెట్టుకోండి, ఖర్చు కోసం. ఎక్స్‌పోర్టర్‌ని అడిగిన ప్రతిసారీ అది క్లౌడ్‌వాచ్‌ని అడుగుతుంది. 60 మెట్రిక్‌లు నిమిషానికోసారి అంటే నెలకి దాదాపు 26 లక్షల రిక్వెస్టులు. వెయ్యికి 0.01 డాలర్ చొప్పున 26 డాలర్ల దాకా. 300 సెకన్లు చేస్తే 5.2 లక్షలకి దిగుతుంది. బయటి నుంచి తప్ప తెలియనివే క్లౌడ్‌వాచ్ నుంచి తెచ్చుకోండి: ఆర్‌డీఎస్ ఖాళీ స్థలం, కనెక్షన్ల సంఖ్య, ఈసీ2 స్టేటస్ చెక్, సీపీయూ క్రెడిట్లు (బేస్‌లైన్, అంటే మామూలు హద్దు, దాటి సీపీయూ వాడుకోవడానికి పోగయ్యే కోటా). మిగతావన్నీ నోడ్ ఎక్స్‌పోర్టర్ (మెషీన్ మీదే నడిచి దాని ర్యామ్, డిస్క్ లాంటివి చెప్పేది) ఇంకా తాజాగా ఇస్తుంది. దాని పోర్టు 9100. సెక్యూరిటీ గ్రూపులో సోర్స్‌గా మానిటరింగ్ మెషీన్ గ్రూపునే ఇవ్వండి, లోకమంతటికీ తెరవకండి.

క్రెడిట్ల మాట: టీ3 స్మాల్‌కి గంటకి 24 క్రెడిట్లు, రెండు వీసీపీయూలకీ 20 శాతం బేస్‌లైన్. టీ3లు మామూలుగా అన్‌లిమిటెడ్‌లోనే పుడతాయి కాబట్టి క్రెడిట్లు అయిపోయినా మెషీన్ నెమ్మదించదు. వాడకం అలాగే బేస్‌లైన్ పైన కొనసాగితే లైనక్స్ మీద వీసీపీయూ గంటకి 0.05 డాలర్ బిల్లులోకి ఎక్కుతుంది. కాబట్టి మీకు క్రెడిట్ బ్యాలెన్స్ కంటే సర్‌ప్లస్ క్రెడిట్ల (ఉన్నవి అయిపోయాక అదనంగా వాడినవాటి) మెట్రిక్ మీద అలర్ట్ ముఖ్యం.

తణుకు టెర్మినల్:

ఇంత తిప్పలు ఎందుకండీ, డేటాడాగ్ లాంటి హోస్టెడ్ టూల్ తీసుకోవచ్చుగా? ఏజెంట్ వేసి, ఎక్స్‌టర్నల్ ఐడీతో ఒక ఐఏఎమ్ రోల్ ఇస్తే పూటలో అయిపోతుంది.

అమలాపురం అడ్మిన్:

సర్వర్లు మాత్రమే అయితే నేనూ అదే అందును. ఇక్కడ 140 చెరువులకి మూడేసి రీడింగులు, అంటే 420 కస్టమ్ మెట్రిక్‌లు, వాటికి తోడు రీడింగు టైములు. కస్టమ్ మెట్రిక్‌లకి ప్లాన్‌లో ఇచ్చిన వాటా దాటితే వేరే లెక్క. చెరువులు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది.

కాకినాడ ఆన్‌కాల్:

మూడోదానికి. ఫోన్ మోగాల్సినవి వేరు, పొద్దున్న చూసుకోవాల్సినవి వేరు. రెండిటికీ వేరే సివియారిటీ (తీవ్రత) లేబుల్ పెట్టి అలర్ట్‌మేనేజర్‌లో (ప్రొమీథియస్ అలర్ట్‌ల్ని మనుషులకి చేర్చేది) దారి మళ్ళించండి. రెండో రకం టెలిగ్రామ్‌కి చాలు. మొదటి రకం పేజర్‌డ్యూటీ లాంటి సర్వీసు ద్వారా ఫోన్ కాల్‌గా వెళ్ళాలి. తెల్లవారుజామున మూడింటికి మెసేజ్ శబ్దానికి ఎవరూ లేవరు, డీవో కనిష్ఠానికి పడేది సూర్యోదయానికి ముందు వేళలోనే.

కాల్ రావాల్సినవి: డీవో 4 కంటే తగ్గడం, ఊరి గేట్‌వే నుంచి రీడింగులు ఆగడం, బ్రోకర్ గానీ కలెక్టర్ గానీ పడిపోవడం, ఆర్‌డీఎస్ అందకపోవడం. ఇంకొకటి మీ దగ్గర లేనట్టుంది: గేట్‌వే దగ్గర కరెంటు ఉందా లేదా, 1 లేదా 0. గేట్‌వేకి బ్యాటరీ ఉంటే మెయిన్స్ పోయిన సంగతి అదే చెప్పగలదు. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆగిపోతాయి, డీవో 4కి దిగేదాకా ఆగితే రైతుకి మిగిలే టైము తక్కువ. 0 అయి 3 నిమిషాలు దాటితే కాల్ వెళ్ళాలి.

పొద్దున్న చూసుకునేవి: డిస్క్, ర్యామ్, సర్టిఫికెట్ గడువు, సర్‌ప్లస్ క్రెడిట్లు. డిస్క్‌కి 80 శాతం లాంటి గీత పెట్టకండి. ప్రిడిక్ట్ లీనియర్‌తో గత 6 గంటల ధోరణి చూసి 24 గంటల్లో ఖాళీ సున్నా అవుతుందా అని అడగండి. ర్యామ్‌కి మెమ్ ఫ్రీ కాదు, మెమ్ అవైలబుల్ తీసుకోండి. లైనక్స్ ఖాళీ ర్యామ్‌ని క్యాష్‌కి వాడేస్తుంది, ఫ్రీ ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది.

సెల్ టవర్ పడితే ఊళ్ళో 20 చెరువులూ ఒకేసారి ఆగుతాయి. అలర్ట్‌మేనేజర్‌లో గ్రూప్ బై దగ్గర ఊరి లేబుల్ ఇస్తే ఒకటే కాల్ వస్తుంది. గేట్‌వే అలర్ట్ ఉన్నప్పుడు అదే ఊరి చెరువుల "రీడింగు ఆగింది" అలర్ట్‌లని ఇన్‌హిబిట్ చేయండి, అంటే అణిచి ఉంచండి. అక్కడ ఈక్వల్ లేబుల్‌గా ఊరు ఇవ్వడం మర్చిపోతే మొగల్తూరు గేట్‌వే ఆగినప్పుడు ఆకివీడు చెరువుల అలర్ట్‌లు కూడా నోరు మూసుకుంటాయి.

టైము జాగ్రత్త. ప్రొమీథియస్‌లో గంట అడిగితే యూటీసీ చెబుతుంది. అర్ధరాత్రి నుంచి 6 దాకా అని రాస్తే మనకది ఉదయం 5:30 నుంచి 11:30.

భీమవరం నోడ్:

హాప్ లిమిట్ 2 చేయగానే ఎక్స్‌పోర్టర్ అందుకుంది, థాంక్సండి. రిటెయిన్ కూడా పెట్టే ఉంది మా గేట్‌వేల్లో, తీసేస్తున్నాం. రెండు సందేహాలు. ఈ మానిటరింగ్ మెషీనే పడిపోతే ఎలా తెలుస్తుంది? పంట మొత్తం గ్రాఫు చూడాలంటే ఎంత డిస్క్ పెట్టాలి?

గోదారి గట్టు:

ఎప్పుడూ మోగుతూనే ఉండే అలర్ట్ ఒకటి రాయండి, షరతు 1 అని చాలు. అలర్ట్‌మేనేజర్ దాన్ని 5 నిమిషాలకోసారి మీ ఏడబ్ల్యూఎస్ అకౌంట్‌కి సంబంధం లేని బయటి సర్వీసుకి పంపాలి, హెల్త్‌చెక్స్ ఐవో లాంటిది. అటు 15 నిమిషాలు చప్పుడు లేకపోతే ఆ సర్వీసు మీకు చెబుతుంది. దీని రిపీట్ ఇంటర్వెల్ (మళ్ళీ పంపే వ్యవధి) విడిగా తగ్గించండి, మామూలు 4 గంటలే ఉంచితే రోజంతా అబద్ధపు అలర్ట్‌లే. గ్రూప్ ఇంటర్వెల్ కూడా 5 నిమిషాలు దాటకూడదు.

ప్రొమీథియస్ మామూలుగా 15 రోజులే దాస్తుంది. వన్నామి రొయ్య పంట 100 నుంచి 120 రోజులు, 150 రోజులు పెట్టుకోండి. 5,000 సిరీస్‌లు (ఒక మెట్రిక్, దాని లేబుల్స్ కలిపి ఒక సిరీస్) 30 సెకన్లకోసారి అంటే రోజుకి 1.44 కోట్ల శాంపిళ్ళు. శాంపిల్‌కి 2 బైట్లు వేసుకున్నా రోజుకి 29 ఎంబీ, 150 రోజులకి 4.3 జీబీ. 20 జీబీ జీపీ3 డిస్క్ సుఖంగా సరిపోతుంది. రైతు ఫోన్ నంబరు, మెసేజ్ ఐడీ లాంటివి లేబుల్స్‌లో పెట్టకండి. మెసేజ్ ఐడీ పెడితే ప్రతి రీడింగూ కొత్త సిరీస్ అయిపోయి, డిస్క్ కంటే ముందు ర్యామ్ నిండుతుంది.

నియమాలన్నీ పెట్టాక పగటిపూట ఒక గేట్‌వే సిమ్ తీసి చూడండి. 20 నిమిషాలకి అటూఇటూగా ఫోన్ మోగాలి. మోగకపోతే ప్రొమీథియస్ అలర్ట్స్ పేజీలో ఆ నియమం పెండింగ్‌లో ఉందా, ఫైరింగ్‌లో ఉందా చూసి ఇక్కడ పెట్టండి.