పిల్లలు ఓటేసి టీచరక్కను వద్దన్నారు. ఆ ఓటుకు పెద్దలం కట్టుబడాలా?

రాప్తాడు తోట (ఆదివారం రాత్రి 9:40)

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

అనంతపురం నుంచి బెంగళూరు పోయే దారిలో, రాప్తాడు దాటినాక మాకు మూడెకరాల చీనీ తోట ఉంది. రెండేళ్లుగా ఐదు కుటుంబాలం కలిసి అక్కడ పిల్లల కోసం ఒక చోటు నడుపుతున్నాం. మేం దాన్ని బడి అనం. తరగతులు లేవు, గంట లేదు, పరీక్షలు లేవు. ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా 14 మంది పిల్లలు. ఏం నేర్చుకోవాలో వాళ్లే ఎంచుకుంటారు. ప్రతి శనివారం వేపచెట్టు కింద సభ జరుగుతుంది. అక్కడ ఆరేళ్ల పాపదీ నాదీ ఒకటే ఓటు. సైకిళ్లు ఎవరి వంతు, ఫోను ఎంతసేపు, మధ్యాహ్నం ఏం వండాలి, కొట్టుకుంటే ఏం చేయాలి, అన్నీ అక్కడే తేలాలి.

మొన్న శనివారం పిల్లలు ఒక తీర్మానం పెట్టారు. మా దగ్గర పనిచేసే టీచరక్క వచ్చే నెల నుంచి వద్దు అని. పిల్లల్లో 11 మంది వద్దన్నారు, ముగ్గురు ఉండాలన్నారు. పెద్దవాళ్లం ఇద్దరమే ఉన్నాం, ఎటూ ఓటు వేయలేదు. అక్క మంచి మనిషి. పక్క ఊరే, డీఎడ్ చేసింది. పిల్లల ఫిర్యాదు ఏమిటంటే, ఆడుకుంటుంటే పిలిచి ఎక్కాలు అప్పజెప్పమంటుందట. మా ఆయన మాట, సభ అన్నాక కట్టుబడాల్సిందే, లేకపోతే రెండేళ్లుగా పిల్లలకు అబద్ధం చెప్పినట్టే అని. నాకు నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

పెన్న ఒడ్డు (10:15)

కట్టుబడాలి. ఇందులో రెండో మాట లేదు.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో సడ్బరీ వ్యాలీ అనే బడి 1968 నుంచి ఇలాగే నడుస్తోంది. నాలుగేళ్ల పిల్లలకు కూడా సభలో ఓటు ఉంది. వచ్చే ఏడాదికి ఏ టీచర్లు ఉండాలో ఏటా రహస్య ఓటుతో తేలుస్తారు. ఎవరికీ పర్మనెంటు ఉద్యోగం లేదు. ఆ బడి పెట్టినవాళ్లలో ఒకరైన డేనియల్ గ్రీన్‌బర్గ్ కూడా ఏటా ఆ ఓటుకు నిలబడినవారే. సైకిల్ వంతుల మీద ఓటిచ్చి, తమతో రోజంతా ఉండే మనిషి విషయంలో ఓటు లేదంటే పిల్లలకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

గుత్తి బస్టాండు (10:22)

ముందు గుర్తింపు ఉందా? 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష దాకా జరిమానా, ఆ తర్వాత రోజుకు 10 వేల దాకా.

ఆదోని అయ్యవారు (10:48)

అమ్మా, 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఒక్క ప్రశ్న. ఓటు వేసిన రోజు ఆ టీచరమ్మ సభలో ఉందా?

పెన్న ఒడ్డు (10:55)

అయ్యవారూ, అది పద్ధతికి సంబంధించిన ప్రశ్న. ఇక్కడ చర్చ సూత్రం మీద. పిల్లల నిర్ణయానికి విలువ ఉందా లేదా?

ఆదోని అయ్యవారు (11:02)

ఉందా లేదా అనే నేనూ అడుగుతున్నాను. ఆమె ఉందా?

నల్లమల (11:10)

చేతులెత్తారా, చీటీలు వేశారా? చేతులెత్తితే చిన్నపిల్లలు పెద్దపిల్లల చేతులు చూసి ఎత్తుతారు. మా ఊరి రచ్చబండ దగ్గర పెద్దవాళ్లూ అంతే.

పెన్న ఒడ్డు చెప్పినదానికి ఇంకో పక్క కూడా ఉంది. నీల్ అనే ఆయన 1921లో జర్మనీలో మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లండుకు మార్చిన సమ్మర్‌హిల్ అనే బడిలో కూడా పిల్లలకూ పెద్దలకూ ఒకటే ఓటు. కానీ టీచర్లను పెట్టుకోవడం, తీసేయడం అక్కడ సభ చేతిలో లేదు. అది ప్రిన్సిపాల్ పని. నీల్ 1973లో పోయాక ఆ పని భార్య చూశారు, 1985 నుంచి కూతురు చూశారు. వందేళ్లు దాటినా ఆ బడి పిల్లలది కాకుండా పోలేదు కదా.

పెన్న ఒడ్డు (11:31)

అదే సమ్మర్‌హిల్‌కు ప్రభుత్వం నోటీసు ఇస్తే బడి కోర్టుకు వెళ్లింది. 2000లో రాజీ షరతులు ఒప్పుకోవాలో వద్దో పిల్లలు లండన్ కోర్టు గదిలోనే సభ పెట్టి ఓటు వేశారు. బడి బతుకే పిల్లల చేతిలో పెట్టారు. ఒక టీచర్ ఉద్యోగం అంతకన్నా పెద్దదా?

చిన్నక్క (11:44)

అవును, పెద్దదే. ఆ ఉద్యోగం చేసేవాళ్లకు.

రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లల ఫీడ్‌బ్యాక్ ఫారాలు నా ముందు పెట్టి, రేపటి నుంచి రావద్దన్నారు. ఆరేళ్లు పనిచేశాను. ఆ ఫారాల్లో ఏముందో చదవనివ్వలేదు. నేను జీతం పెంచమని అడిగి అప్పటికి పది రోజులు. పిల్లల మాట అంటూ ఎవరైనా చెబుతుంటే దాని వెనక ఎవరున్నారో చూడాలనిపిస్తుంది నాకు.

పెన్న ఒడ్డు (11:58)

మీకు జరిగింది అన్యాయం. కానీ కాలేజీ యజమాని చేసిన మోసాన్ని తెచ్చి పద్నాలుగు మంది పిల్లల మీద పెట్టకండి.

కడప 516 (సోమవారం ఉదయం 6:20)

మావాడు ఇంటర్ ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెట్టేవాళ్లు. ఏడాదిలో మూడుసార్లు పారిపోయి వచ్చాడు. మూడుసార్లూ నేనే బస్సెక్కించి దింపి వచ్చాను. వాణ్ని ఒక్కసారన్నా అడిగి ఉంటే బాగుండేది. చెట్టు కింద సభ పెట్టి పిల్లల్ని అడిగేవాళ్లు ఉన్నారని చదివి ఏడుపొచ్చింది. వాళ్లను ఆపకండి.

గుత్తి బస్టాండు (6:45)

గుర్తింపు సంగతి ఎవరూ చెప్పడం లేదు.

రాప్తాడు తోట (8:05)

గుర్తింపు లేదు. మా పిల్లలు ఇంటి దగ్గర చదువుతున్నట్టే. 14 నిండాక ఓపెన్ స్కూల్‌లో పది రాయిస్తాం. ఓటు చేతులెత్తే వేశారు. అయ్యవారూ, ఆ రోజు అక్క లేదు. వాళ్లత్తను ఆస్పత్రికి తీసుకెళ్లింది. తీర్మానం అప్పటికప్పుడు వచ్చింది, మేం ప్లాన్ చేసింది కాదు.

ఆదోని అయ్యవారు (8:30)

అయితే ఆ ఓటు చెల్లదు. మీ సభలో సైకిల్ పాడుచేసిన పిల్లవాడు లేకుండా వాడికి శిక్ష వేస్తారా? వేయరు. వాడిని పిలిచి వాడి మాట విన్న తర్వాతే కదా. పిల్లవాడికి ఉన్న హక్కు ఆమెకు లేదా?

నేను పిల్లలకు స్వేచ్ఛ వద్దనేవాణ్ని కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లెబడుల కోసం తయారుచేసిన కార్డులు చూశాను. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు చదువుకుంటారు, టీచర్ పక్కన కూర్చుంటాడు. అక్కడే పనిచేసిన డేవిడ్ హార్స్‌బరో 1972లో కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ మొదలుపెట్టారు. వడ్రంగం, కుట్టుపని, తోటపని, లెక్కలు, సంగీతం అన్నీ కలిపి నేర్పారు. పరీక్షలు లేవు, శిక్షలు లేవు. మన ఎల్లకు అంత దగ్గరలో జరిగిన పని అది. మన చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ వాళ్ల ప్రకృతి బడి ఉంది. ఇవి నడిచింది పెద్దవాళ్లు గట్టిగా నిలబడి పనిచేసినందుకే. పిల్లలు వద్దనగానే పెద్దవాళ్లను మారుస్తూ పోతే నడవవు.

పెన్న ఒడ్డు (8:52)

మీరు చెప్పేవన్నీ మంచి టీచర్ల కథలు. మంచి టీచర్ దొరికితే ఏ బడైనా బాగుంటుంది. దొరకనప్పుడు పిల్లవాడికి దిక్కేమిటి?

నేను ఏడో తరగతిలో హాస్టల్లో ఉన్నాను. ఎక్కాలు తప్పు చెప్పినందుకు మోకాళ్ల మీద ఎండలో నిలబెట్టేవాళ్లు. నా మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ అయ్యవారు ఉండాలా వద్దా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే 60 మందిమీ ఒకటే చెప్పేవాళ్లం. చలం ఎప్పుడో రాశారు పిల్లల్ని కొట్టకండి, భయపెట్టకండి అని. ఇన్నేళ్లకు ఒక చీనీ తోటలో పిల్లలు నోరు తెరిచి చెబితే, చెల్లదంటున్నారు.

చిన్నక్క (9:05)

ఆ అక్క ఎవరినైనా కొట్టిందా?

రాప్తాడు తోట (9:10)

లేదు. ఒక్కసారి కూడా లేదు. గొంతు కూడా పెంచదు.

ధర్మవరం మగ్గం (9:20)

నేను మగ్గం నేసేవాణ్ని. మా పాపకు తొమ్మిదేళ్లు. మీ తోటలో చేర్పిద్దామని రెండు నెలలుగా ఆలోచిస్తున్నా, అందుకే అన్నీ చదువుతున్నా. ఉండాలని చెయ్యెత్తిన ఆ ముగ్గురు ఎవరి పిల్లలమ్మా?

నల్లమల (9:26)

చేతులెత్తించకుండా చీటీలతో మళ్లీ ఓటు పెడితే సరిపోతుంది. ఇంత చర్చ దేనికి?

ధర్మవరం మగ్గం (12:40)

నా ప్రశ్నకు జవాబు రాలేదు.

రాప్తాడు తోట (మధ్యాహ్నం 1:15)

ఆ ముగ్గురూ పక్క ఊరి పిల్లలు. వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోం. మిగతా 11 మంది మా ఐదు కుటుంబాలవాళ్లు, మా స్నేహితుల పిల్లలు. టౌన్ నుంచి వస్తారు.

ధర్మవరం మగ్గం (1:22)

మరి ఎక్కాలు చెప్పమని అక్కను అడిగిందెవరు?

రాప్తాడు తోట (1:50)

ఆ ముగ్గురి అమ్మానాన్నలు. అక్క వాళ్ల వీధిలోనే ఉంటుంది. రోజూ సాయంత్రం అడుగుతారట, ఈరోజు ఏం చెప్పావని. వాళ్లు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు.

ధర్మవరం మగ్గం (2:10)

మిమ్మల్ని ఎట్లా అడుగుతారమ్మా? తోట మీది, ఫీజు వద్దన్నది మీరు. అక్కనే అడుగుతారు.

ఆ ముగ్గురూ ప్రభుత్వ బడిలో ఉంటే మధ్యాహ్నం భోజనం, పుస్తకాలు, తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో 13 వేలు వచ్చేవి. అవి వదులుకుని మీ దగ్గరికి పంపినారు. మీవాళ్లకు ఎక్కాలు రాకపోతే మీ ఇంట్లో నేర్పేదానికి మీరున్నారు. పదమూడేళ్లకు మనసు మారితే మంచి బడిలో ఫీజు కట్టి వేస్తారు. మా పిల్లలు ఆ పొద్దు ఏం చేయాలి? మా పాప రేపు పట్టుచీర లెక్క తప్పు వేస్తే సేట్ దగ్గర మోసపోతుంది. మా నాన్న అట్లే మోసపోయినాడు. 11 మంది ఓటుతో ముగ్గురికి ఎక్కాలు లేకుండా పోయినాయి, అది స్వేచ్ఛ అంటున్నారు. నాకు కోపం వస్తోంది, దాచుకోలేను.

పెన్న ఒడ్డు (2:35)

ఎవరూ ఎక్కాలు వద్దనలేదు. కావాలన్నవాళ్లు నేర్చుకోవచ్చు. బలవంతం వద్దన్నారు, అంతే.

ధర్మవరం మగ్గం (2:38)

నేర్పే మనిషినే తీసేసినాక ఎవరి దగ్గర నేర్చుకుంటారు సార్?

ఆదోని అయ్యవారు (3:05)

పెన్న ఒడ్డు గారూ, మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. సడ్బరీలో బడి పెట్టినవాళ్లు కూడా ఏటా ఓటుకు నిలబడతారని మీరే రాశారు. అమ్మా, మీ తోటలో మీరు, మీవారు, మిగతా నాలుగు కుటుంబాల పెద్దలు ఎప్పుడైనా ఓటుకు నిలబడ్డారా? పిల్లలు రేపు మీ ఆయనను వద్దంటే ఆయన తోట వదిలి వెళ్తారా?

కోసిగి వైపు నా బడి పిల్లలు మిరప కోతలకు అమ్మానాన్నల వెంట గుంటూరు పోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి చదివింది మరచిపోయేవాళ్లు. వాళ్లను మళ్లీ పలక దగ్గరికి తెచ్చేది ఇట్లాంటి పక్క ఊరి టీచరమ్మలే. అందుకే ఇంతగా అడుగుతున్నాను.

పెన్న ఒడ్డు (3:40)

ఈ ప్రశ్న న్యాయమైనది. అందరూ నిలబడాలి. జీతం తీసుకునే ఒక్కరినే నిలబెట్టి ఉంటే అది తప్పే. కానీ అప్పుడు కూడా ఓటు పిల్లలదే అంటాను. ఆ మాట మాత్రం వదలను.

చిన్నక్క (3:47)

ఆమె జీతమెంత?

రాప్తాడు తోట (సాయంత్రం 6:30)

9 వేలు. మేమెవరం జీతం తీసుకోం, కాబట్టి మేం ఓటుకు నిలబడాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. తోట మా ఆయన పేరున ఉంది. ఉద్యోగం వదిలి బెంగళూరు నుంచి వచ్చింది పిల్లల మీద ఎవరి పెత్తనమూ ఉండకూడదనే. మధ్యాహ్నం నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. ఇప్పుడే అక్క ఇంటికి వెళ్లి వచ్చాను. ఓటు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు, ఆ ముగ్గురిలో ఒక పిల్ల ఏడుస్తూ వెళ్లి చెప్పిందట. శనివారం సభకు రమ్మని అడిగాను. ఆ ముగ్గురి అమ్మానాన్నలను కూడా పిలిచాను. ఓటుకు నిలబడే పేర్లలో మొదట మా ఇద్దరివీ పెడతానని మా ఆయనతో చెప్పాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు.

గుత్తి బస్టాండు (6:41)

గుర్తింపుకు అప్లై చేయండి మేడం. ఆ ముగ్గురి కోసమైనా.

ఆదోని అయ్యవారు (6:50)

ఈ నెల జీతం ఇచ్చారా అమ్మా?

రాప్తాడు తోట (6:58)

ఇవ్వలేదు. ఓటు అయ్యాక ఆగాం. పొద్దున్నే ఇస్తాను.

ధర్మవరం మగ్గం (7:15)

శనివారం పాపను తీసుకుని నేనూ వస్తా. సభ ఎన్నింటికి?