ఒకే ఇంట్లో కలంకారీ గది, వంటగది: గిన్నెలు, పొయ్యి, నీళ్ల సంగతి

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. శ్రీకాళహస్తిలో ఒక గురువుగారి దగ్గర 14 నెలలు కలం పని నేర్చుకున్నాను. ఈ మధ్యనే ఉమ్మడి ఇంటి నుంచి వేరుపడి, తిరుపతిలో రెండో అంతస్తులో రెండు పడక గదుల అద్దె ఇంట్లోకి వచ్చాము. మావారు, అత్తయ్య, నాలుగేళ్ల బాబు, నేను ఉంటాము. సుమారు 10 అడుగులకు 11 అడుగులున్న చిన్న గదిని నా పనికి వదిలేయడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఇప్పటివరకు మాకంటూ వంట సామాను లేదు కాబట్టి పని గదిని, వంటగదిని ఒకేసారి అమర్చుకోవలసి వచ్చింది. రెండింటికీ కలిపి మా దగ్గర ఉన్నది 30 వేల రూపాయలు.

నా మొదటి సందేహం గిన్నెల గురించి. ఎర్రరంగు ఉడికించడానికి పెద్ద పాత్ర కావాలి, పండగలకు పులిహోర కలపడానికీ పెద్ద పాత్ర కావాలి. చింతపండు వేసి బాగా తోముకుంటే ఒకటే సరిపోదా అని ఆలోచిస్తున్నాను. ఈ పనికి కావలసిన కరక్కాయ, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు రెండూ ఆయుర్వేద మందుల్లో వాడేవే, ఇందులో వాడే పాలు, బెల్లం మనం రోజూ తినేవే, అలాంటప్పుడు వేరే గిన్నెలెందుకని అత్తయ్య అడిగితే నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. రెండో సందేహం నీళ్లది: గురువుగారి దగ్గర పారే నీటిలో ఉతికేవాళ్లం, ఇక్కడ ఉన్నది బోరు నీరు, ఒక స్నానాల గది మాత్రమే. మూడోది, నేల మీద కూర్చుని గీయడం మంచిదా, బల్ల చేయించుకోవడం మంచిదా? వంటగదిలో ముందు ఏవి కొనాలో, ఏవి తర్వాత కొనుక్కోవచ్చో కూడా అనుభవమున్నవారు చెప్పగలరు.


మొదటి సమాధానం (శ్రీకాళహస్తి నుంచి, 26 ఏళ్లుగా ఇదే పని)

అమ్మా, మీ అత్తగారు అడిగినది న్యాయమైన ప్రశ్న. కరక్కాయ, పాలు ఇంట్లో ఉండేవే, నిజమే. కానీ పటిక నీళ్లు (ఇవి రాసిన చోటే బట్టకు ఎరుపు ఎక్కుతుంది), కసిం అలాంటివి కావు. కసిం అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టిన పులుపు. అందులో ఎంత ఇనుము కరిగిందో ఎవరూ కొలవరు. గిన్నె గీతల్లోకి, మూతి మడతల్లోకి దిగిన ఆ నీళ్లు చింతపండుతో తోమినంత మాత్రాన పూర్తిగా పోయాయని నమ్మకంగా చెప్పలేము. ఈ ఒక్క కారణం చాలు.

రెండో కారణం బట్ట వైపు నుంచి ఉంది, మనలో చాలామంది దీన్ని తెలుసుకునేది నష్టపోయాకే. వంట గిన్నెకు పట్టిన నూనె జిడ్డు బట్టకు తగిలితే అక్కడ రంగు ఎక్కదు. అంతకంటే పెద్ద శత్రువు ఇనుము. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసినప్పుడే మనకు నలుపు వస్తుంది, కలం గీత నిలబడేదే దానివల్ల. అదే కలయిక మనం కోరుకోని చోట జరిగితే మరక. నేను ఇంటి దగ్గర పని మొదలుపెట్టిన కొత్తలో, గిన్నెలు తోమిన తొట్టిలోనే కరక్కాయ పట్టించిన మూడు దుపట్టాలు తడిపాను. ఇనుప పీచు నుంచి రాలిన పొడి అడుగున ఉందన్న సంగతి చూసుకోలేదు. ఆరేసేసరికి ఆవగింజంత నల్లటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ బూడిదరంగు వలయం. మళ్లీ ఉతికినా అవి పోలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో రంగు పనికి వాడే తొట్టి, చెంబు, గరిటె అన్నీ వేరు. ఇనుప కొక్కేనికి గాని, తుప్పు తీగకు గాని బట్ట తగలనివ్వము, ఆరవేయడానికి నైలాను తాడే వాడుతాము.

ఇక నీళ్ల సంగతి. మీ బోరు నీటిని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక గాజు గ్లాసులో మంచినీరు, ఇంకో గాజు గ్లాసులో బోరు నీరు పోసి, రెండింటిలోనూ చిటికెడు కరక్కాయ పొడి కలిపి గంటసేపు కదపకుండా ఉంచండి. మంచినీటి గ్లాసు లేత పసుపుగా ఉండి, బోరు నీరు నీలి నలుపుకో, బూడిదరంగుకో తిరిగితే ఆ నీటిలో ఇనుము ఉన్నట్టే. అలాంటి నీటితో పసుపు, ఎరుపు మసకబారుతాయి.

ఉతకడం గురించి మాత్రం నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది: స్నానాల గదిలో ఆ పని వద్దు. పటిక రాసిన బట్టను ఉతికేటప్పుడు పట్టని పటిక అంతా నీటితోపాటు వెళ్లిపోవాలి. బకెట్టులో ముంచితే అది నీటిలోనే తిరిగి, తెల్లగా ఉండవలసిన చోట కూర్చుంటుంది, ఉడికించాక అక్కడంతా ఎర్రజీర తేలుతుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని పాదుకోవడానికి పారే నీటి వసతి ఒక ముఖ్య కారణం. ఏరు ఎండినప్పుడు మేము కూడా పొలాల దగ్గర బోరు మోటారు కిందనే ఉతుకుతాము. మీకు తెలిసినవారి పొలం చుట్టుపక్కల ఉంటే నాలుగైదు బట్టలు పోగయ్యేదాకా ఆగి, ఉతకడం, ఎరుపు ఉడకబెట్టడం, పేడనీళ్లలో నానబెట్టి ఎండలో తెల్లబరచడం అన్నీ అక్కడే చేసుకోండి. గంజి వదిలించడం, కరక్కాయ కలిపిన పాలు పట్టించడం, చింతబొగ్గుతో గీయడం, కసింతో గీత కట్టడం, పటిక రాయడం, చివరన పసుపు, నీలం దిద్దడం ఇంట్లో చేసుకోదగిన పనులు. ఇలా విడదీసుకుంటే పెద్ద గంగాళం కొనే అవసరమే రాదు. పసుపురంగు కోసం కరక్కాయ పువ్వు కాచుకోవడానికి 3 లీటర్ల స్టీలు గిన్నె ఒకటి చాలు.

పాలు పట్టించిన బట్టను ఎండ ఉన్న రోజునే ఆరవేయండి. వెన్న తీయని గేదె పాలే వాడాలి, ఆ కొవ్వే కదా గీతను పాకనివ్వకుండా పట్టి ఉంచేది. కానీ బట్ట సరిగ్గా ఆరకపోతే ఆ కొవ్వుకే పాచి వాసన పుడుతుంది, చీమలు, బొద్దింకలు చేరతాయి. ఆరిన బట్టను చుట్టి, నేలకు ఎత్తుగా, వంటగది గోడకు దూరంగా ఉన్న అరలో పెట్టండి. కసిం కుండను గదిలో పెట్టవద్దు; ఊరుతున్నప్పుడు గాలి పుడుతుంది కాబట్టి మూత బిగించకుండా మూతికి గుడ్డ కట్టి, బాల్కనీలో నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెడితే చీమలు ఎక్కవు. బాబుకు చేయి అందని ఎత్తులో ఉండాలి.

నేలా, బల్లా అన్న దానికి నా జవాబు రెండూ అనే. చీర మొత్తం పరిచి కొలతలు వేసేటప్పుడు నేల కావాలి. గంటల తరబడి గీత కట్టేటప్పుడు 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బల్ల, దాని మీద మందపాటి కంబళి ఉంటే నడుము నిలుస్తుంది. కంబళి ఎందుకంటే కలానికి చుట్టిన ఉన్నిని వేలితో నొక్కినప్పుడు దిగే కసిం గట్టి చెక్క మీదైతే బట్ట కింద చేరి పాకుతుంది, కంబళి దాన్ని పీల్చేస్తుంది. కిటికీ మీ ఎడమచేతి వైపు ఉండేలా బల్ల వేసుకోండి, చేతి నీడ గీత మీద పడదు.


రెండో సమాధానం (హైదరాబాదు నుంచి)

పైన పెద్దాయన చెప్పినదానికి మా ఇంట్లో జరిగినది ఒకటి చేర్చాలి. నేను ఇంట్లో సహజ రంగులతో చీరలు అద్దుతాను. ఒక పండగ రోజున మా ఆడపడుచు కూతురు, ఐదేళ్ల పిల్ల, గాజు సీసాలో ఉన్న పటిక పలుకులను పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకుంది. వగరుకు వెంటనే ఉమ్మేసింది కాబట్టి సరిపోయింది, అయినా ఆ సాయంత్రమంతా నా గుండె కుదుటపడలేదు. తప్పు పిల్లది కాదు. దేవుడి గూట్లో పటికబెల్లం పెట్టుకునే సీసాలాంటి సీసాలోనే నేను పటిక పోసి పెట్టాను. చూపుకు రెండూ ఒకటే. అందుకని మీకు నేను మరీమరీ చెప్పేది, తినే సరుకు పోసే డబ్బాల రకం ఏదైతే ఉందో ఆ రకం డబ్బా పని గదిలో ఒక్కటి కూడా ఉండకూడదు. నేను వంటగదికంతా స్టీలు డబ్బాలు, పని గదికంతా వెడల్పు మూతి నీలం ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకున్నాను. పని గది అలమారకు తాళం వేస్తాను.

గిన్నెల విషయంలో మన ఇళ్లలో ఉన్న పాత అలవాటే అక్కరకు వస్తుంది. పెళ్లి సామాను మీద పేర్లు చెక్కిస్తాం కదా, అలాగే పాత్రల అంగడిలోనే రంగు గిన్నెల మీద, గరిటెల మీద "రంగు" అని చెక్కించండి. స్టిక్కరు ఊడుతుంది, పెయింటు రాలుతుంది, చెక్కిన అక్షరం పోదు. మీరు ఊళ్లో లేనప్పుడు మీ అత్తగారు పొరపాటున ఆ గిన్నె తీసినా అక్షరం చూసి ఆగుతారు.

వంటగదికి ముందుగా కొనవలసినవి నిజానికి కొన్నే. నలుగురికి 5 లీటర్ల కుక్కరు, పప్పుకు 3 లీటర్లది, ఒక ఇనుప పెనం, ఒక మూకుడు, మూడు జార్ల మిక్సీ, పోపుల డబ్బా, చపాతీల పీట, కర్ర, కత్తిపీట లేదా మంచి చాకు, నాలుగు గరిటెలు, ఒక జల్లెడ ఉంటే సంసారం మొదలుపెట్టవచ్చు. ఇడ్లీ పాత్ర రెండో నెలలో, గ్రైండరు వచ్చే ఏడాదికి కొనుక్కోవచ్చు, అంతవరకు మిక్సీలో రుబ్బినా ఇడ్లీలు తినేటట్టుగానే వస్తాయి. కరక్కాయ పొడి కోసం మాత్రం ఆ మిక్సీ వాడకండి, రోకలితో దంచిన పొడి తెచ్చుకోండి. పులిహోరకు పెద్ద బేసిను పండగకు ముందు కొనుక్కుంటే చాలు. పొయ్యి విషయానికొస్తే, బాల్కనీలో నేల మీద ఒక సింగిల్ బర్నరు పెట్టి, ఇంట్లో అదనంగా ఉండే సిలిండరు దానికి తగిలించుకుంటే కరక్కాయ పువ్వు కాచే వాసన ఇంట్లోకి రాదు.


మూడో సమాధానం (నెల్లూరు నుంచి, ఎలక్ట్రికల్ పనులు చేస్తాను)

అక్కయ్యా, ఆ చివరి సలహా ఒక్కటి మాత్రం పాటించవద్దని నా మనవి. వంట గ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే పైకి పోకుండా నేల వెంబడి పరుచుకుని పల్లంలో నిలుస్తుంది. పొయ్యి ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తులో, గట్టు మీద ఉండాలి. బాల్కనీ గాలికి మంట ఆరిపోయి గ్యాసు మాత్రం వస్తూ ఉండే ప్రమాదం కూడా ఉంది. పైగా ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరును అమ్మకం పనికి వాడడం నిబంధనలకు విరుద్ధం. గ్యాసే కావాలనుకుంటే 5 కిలోల చిన్న సిలిండరు గృహేతర ధరకు దొరుకుతుంది. వంటింటి గ్యాసు గొట్టం మీద ముద్రించిన తేదీ కూడా ఒకసారి చూడండి, 5 ఏళ్లు దాటితే మార్పించాలి.

మీరు కాచేది 3 లీటర్ల గిన్నె అయితే ఇండక్షన్ పొయ్యి సరిపోతుంది. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. అద్దె ఇంట్లో సాధారణంగా అలాంటిది గీజరు దగ్గర ఒకటి, వంటగదిలో ఒకటి ఉంటాయి. పని గదిలో లేకపోతే ఇంటి యజమానిని అడిగి వేయించుకోండి, పొడిగింపు తీగతో లాగకండి. గిన్నె కొనడానికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అడుగున గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్ మీద వేడెక్కుతుంది, రాగి గిన్నె, అల్యూమినియం గిన్నె మామూలు ఇండక్షన్ మీద పనిచేయవు.


అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. పెద్దవారు చెప్పిన కరక్కాయ పరీక్ష నిన్ననే చేశాను. తాగడానికి తెప్పించుకునే నీటి గ్లాసు పసుపుగానే ఉంది, బోరు నీటి గ్లాసు మాత్రం గంటలోపే పలకరంగుకు తిరిగింది. అత్తయ్య ఆ రెండు గ్లాసులు పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూసి, "ఈ నీళ్లతోనేనా మనం పప్పు ఉడికిస్తున్నది?" అన్నారు. గిన్నెల గురించి ఇక ఆవిడే పట్టుబట్టి, రెండు గిన్నెలు, ఒక గరిటె, ఒక తొట్టి వేరుగా కొనిపించి "రంగు" అని చెక్కించారు. ఉతకడానికి ఏర్పేడు దగ్గర మా పిన్నిగారి పొలం ఉంది, అక్కడి బోరు నీటిని కూడా పరీక్షించాకే తీసుకెళ్తాను. ఒక్క సందేహం మిగిలింది. పటిక రాసిన బట్టను పొలానికి తీసుకెళ్లేదాకా ఎన్ని రోజులు ఉంచవచ్చు? నాలుగైదు బట్టలు పోగవ్వాలంటే నాకు రెండు వారాలు పడుతుంది.


మొదటి సమాధానం ఇచ్చినవారు

కనీసం ఒక రోజు ఆగాలి, అంతకంటే తొందరపడితే పటిక పట్టదు. బట్ట పొడిగా ఉంటే రెండు వారాలు ఆగినా నష్టం లేదు, నేను అంతకంటే ఎక్కువ రోజులు కూడా ఉంచాను. అయితే మడత పెట్టకండి, పటిక రాసిన చోటు రాయని చోటుకు ఆనుకుని చెమ్మ తగిలితే అంటుకుంటుంది. మధ్యలో పాత పలచటి నూలుబట్ట పరిచి, వెదురు బొంగుకు చుట్టి, నిలువుగా గోడకు ఆనించి పెట్టండి. వానాకాలంలో మాత్రం వారం దాటనివ్వకండి.