పింగాణీ పాత్రను చల్లని ఒవెన్‌లో పెట్టాలా, వేడెక్కిన ఒవెన్‌లో పెట్టాలా?

నెలవంక:
నాలుగేళ్లుగా వాడుతున్న నా పింగాణీ బేకింగ్ పాత్ర నిన్న ఒవెన్‌లో ఫెళ్లుమని రెండు ముక్కలైంది. ఒవెన్ చల్లగా ఉన్నప్పుడే పాత్రను లోపల పెట్టి, ఆ తరువాతే స్విచ్ వేయడం నా అలవాటు. రెండూ కలిసి నెమ్మదిగా వేడెక్కితే పాత్రకు దెబ్బ తగలదని గట్టిగా నమ్మాను. నిన్న కూడా అలాగే పెట్టాను. వేడిని 220 డిగ్రీలకు తిప్పిన ఇరవై నిమిషాల లోపే పగిలింది. పాత్రతో వచ్చిన కాగితంలో మాత్రం ఒవెన్ ముందుగా వేడెక్కిన తరువాతే పెట్టమని ఉంది. నేను ఇన్నాళ్లు చేసింది తప్పేనా?

కొలతగరిట:
తప్పే అంటాను. మొదటి పది, పదిహేను నిమిషాలు ఒవెన్‌లో ఏం జరుగుతుందో గమనించండి. అడుగున, కొన్ని ఒవెన్‌లలో పైన కూడా, తీగలు ఆగకుండా ఎర్రగా కాలుతూ ఉంటాయి. గాలి ఇంకా చల్లగానే ఉన్నా, తీగకు ఎదురుగా ఉన్న భాగం మాత్రం నేరుగా సెగ తింటుంది. అనుకున్న వేడికి చేరాక తీగలు ఆగుతూ వెలుగుతూ ఉంటాయి, గోడలన్నీ వేడెక్కి ఉంటాయి కనుక పాత్రకు సెగ అన్ని వైపుల నుంచీ దాదాపు సమంగా అందుతుంది. కాగితంలో రాసింది ఊరికే రాసింది కాదు.

కుమ్మరిచక్రం:
అన్ని పాత్రలకూ ఒకే సూత్రం చెప్పడం నాకు నచ్చదు. చాలా ఏళ్లుగా చక్రం మీద పాత్రలు చేస్తున్నాను. గ్లేజు, అంటే గాజులాంటి నున్నని పూత, వేయని మట్టి పాత్ర నీరు పీల్చుకుంటుంది. తడి ఆరని పాత్రను కాలిన ఒవెన్‌లోకి తోస్తే రంధ్రాల్లోని నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి కావలసిన చోటు నీటి కంటే దాదాపు 1,700 రెట్లు ఎక్కువ. అందుకే నానబెట్టి వాడే మూత మట్టి పాత్రలను చల్లని ఒవెన్‌లోనే మొదలుపెట్టాలి. ఆ పద్ధతిని తప్పు అనకండి.

కొలతగరిట:
అది నిజమే. కానీ నెలవంక గారిది గ్లేజు వేసిన పింగాణీ. దానికి ఈ వాదన వర్తించదు కదా?

కుమ్మరిచక్రం:
దానికి ఇంకో అనుమానం ఉంది. మట్టిలో ఇసుక పాలు ఎక్కువై, కరిగించే ఖనిజాలు తక్కువై, బాగా ఎక్కువ వేడిలో కాలిస్తే లోపల క్రిస్టొబలైట్ ఏర్పడుతుంది, అది ఇసుకలో ఉండే సిలికాకే ఇంకో రూపం. సుమారు 226 డిగ్రీల దగ్గర అది ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే కుంచించుకుపోతుంది. సిలికా మామూలు రూపమైన క్వార్ట్జ్‌కు కూడా ఇలాంటి మార్పు ఉంది కానీ అది 573 డిగ్రీల దగ్గర. ఇంటి ఒవెన్ అంత దూరం వెళ్లదు. క్రిస్టొబలైట్ గడప మాత్రం సరిగ్గా మనం బేకింగ్ చేసే వేడిలోనే ఉంది. 220 అని పెట్టినా తీగ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది.

పదార్థం:
కుమ్మరిచక్రం గారు చెప్పిన లోపం ఉండే అవకాశం ఉంది. కానీ అలాంటి పాత్ర మొదటి కొన్ని వారాల్లోనే పోవాలి, నాలుగేళ్లు నిలవదు. నేను సిరామిక్స్ చదువుకున్నాను. మీ ఇద్దరి వాదనలోనూ ఒక సగం కనిపించడం లేదు. మీరు వేడెక్కడం గురించే మాట్లాడుతున్నారు. పింగాణీని ఎక్కువగా చంపేది చల్లారడం.

ముప్పై సెంటీమీటర్ల పాత్ర 200 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో మూడో వంతు. పాత్ర మొత్తం ఒకేసారి పెరిగితే ఏ బాధా లేదు. ఒక చోట పెరిగి పక్క చోట పెరగకపోతేనే లాగుడు మొదలవుతుంది. పింగాణీ నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. వేడి తగిలినప్పుడు ఉపరితలం పెరగాలని చూస్తుంది, లోపలి పొర అడ్డుకుంటుంది. అంటే ఉపరితలం మీద పడేది నొక్కుడు. చల్లని నీరు తగిలినప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. ఉపరితలం కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి వేడి పొర ఒప్పుకోదు, లాగుడంతా ఉపరితలం మీదే పడుతుంది. గీతలు, సన్నని నెర్రెలు ఉండేది కూడా అక్కడే.

లాగుడుకు మూలం ఈ పెరుగుదలేనని రుజువు కావాలంటే, 1958లో వచ్చిన కార్నింగ్‌వేర్ అనే వంటపాత్రల తరహా గాజు సిరామిక్‌ను చూడండి. వేడికి అది పెరిగేది చాలా తక్కువ కనుక, ఫ్రీజర్ నుంచి నేరుగా ఒవెన్‌లోకి వెళ్లినా తట్టుకునేది.

నెలవంక గారూ, రెండు ప్రశ్నలు. పాత్ర నిండుగా ఉందా, సగమే ఉందా? పగిలిన అంచు అంతా ఒకే రంగులో ఉందా?

నెలవంక:
మూడో వంతే నింపాను. దాని వల్ల కూడా తేడా ఉంటుందా? ముక్కలు ఇంకా పారేయలేదు, చూసి చెబుతాను.

పదార్థం:
చాలా తేడా ఉంటుంది. వండే పదార్థంలో నీరున్నంత సేపూ దాని కింద ఉన్న పింగాణీ 100 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. పైన ఖాళీగా ఉన్న గోడ మాత్రం 200 దాటిపోతుంది. ఒకే పాత్రలో రెండు వాతావరణాలు.

నెలవంక:
ముక్కలు చూశాను. అంచు అంతా ఒకే రంగులో లేదు! అడుగున బొటనవేలంత మేర గోధుమరంగు మరక ఉంది, మిగిలిందంతా తెల్లగా, కొత్తగా ఉంది. ఇప్పుడు గుర్తుకొస్తోంది. రెండు నెలల క్రితం, అడుగున మాడినది నానుతుందని, ఒవెన్ నుంచి తీసిన కాసేపటికే పాత్రను కుళాయి కింద పెట్టాను. చిన్నగా టిక్ మన్నది. పైకి ఏమీ కనబడలేదు కనుక మళ్లీ వాడుతూనే ఉన్నాను.

కుమ్మరిచక్రం:
ఆ మరకే సాక్ష్యం. నూనె, రసం ఆ నెర్రెలోకి ఎన్నో సార్లు దిగి మాడితే తప్ప అంత రంగు రాదు. పగులు ఆ రోజే మొదలైంది, నిన్న పూర్తయింది. క్రిస్టొబలైట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కొలతగరిట:
నేను మాత్రం పూర్తిగా వెనక్కి తగ్గను. నెర్రె ఉన్న పాత్రను కింది తీగ ఎదుట పెట్టి స్విచ్ వేయడం వల్లే అది నిన్న తెగింది. మధ్య అరలో, వేడెక్కిన ఒవెన్‌లో పెడితే ఇంకొన్నాళ్లు వచ్చేది.

పదార్థం:
ఇంకొన్నాళ్లు వచ్చి, అప్పుడు మీ చేతుల్లో పగిలి ఉండేది, వేడి రసంతో సహా. నెర్రె పడ్డ పాత్ర ఎక్కువ రోజులు నిలవడం మంచిదని నేను అనుకోను. నెలవంక గారూ, మిగిలిన పాత్రలను వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమని మోగితే సరే. బద్దగా పలికితే ఒవెన్‌కు పంపకండి.

నెలవంక:
నాలుగింటినీ తట్టాను. మూడు మోగాయి. నాలుగోది, రోజూ వాడేది, మోగలేదు. అందులో రేపటి కోసం కలిపి పెట్టినదాన్ని ఇప్పుడే స్టీలు పళ్లెంలోకి మార్చాను.