యాక్టివిజన్ నుంచి విడిపోయినప్పుడు డెస్టినీ హక్కులు బంగీకి ఎలా దక్కాయి?

ప్రశ్న: గోదారిగట్టు

2007లో మైక్రోసాఫ్ట్ నుంచి బయటికి వచ్చినప్పుడు వీడియో గేమ్‌లు తయారుచేసే బంగీ స్టూడియో తాను పుట్టించిన హేలో గేమ్‌ను అక్కడే వదిలి రావలసి వచ్చింది. అదే స్టూడియో 2019 జనవరిలో యాక్టివిజన్‌తో తెగతెంపులు చేసుకున్నప్పుడు మాత్రం డెస్టినీని వెంట తెచ్చుకుంది. రెండుసార్లు విడిపోతే రెండు విధాలుగా ఎందుకు జరిగింది? పెట్టుబడి పెట్టి ప్రచురించిన యాక్టివిజన్ అంత పెద్ద గేమ్‌ను ఎందుకు వదులుకుంది? ఒప్పందాల సంగతి తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: పాత_కన్సోల్

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ రెండు కాలాల్లో బంగీ ఎవరి సొత్తు అన్నదానిలో ఉంది. 2000లో మైక్రోసాఫ్ట్ బంగీని కొనేసింది. కాబట్టి 2001లో వచ్చిన మొదటి హేలో మొదలుకొని అక్కడ తయారైనదంతా యజమాని ఆస్తి. 2007లో స్టూడియోకు స్వేచ్ఛ దొరికింది గానీ హేలో దొరకలేదు. పైగా ఆ తరువాత కూడా 2010లో వచ్చిన హేలో రీచ్ వరకు మైక్రోసాఫ్ట్ కోసం పని చేసి పెట్టింది.

యాక్టివిజన్ బంగీని ఎన్నడూ కొనలేదు. 2010లో ఇద్దరి మధ్య కుదిరింది పదేళ్ల ప్రచురణ ఒప్పందం మాత్రమే. ఇలాంటి పత్రాలు సాధారణంగా బయటి ప్రపంచం కంట పడవు. అయితే కాల్ ఆఫ్ డ్యూటీ తయారుచేసిన ఇన్ఫినిటీ వార్డ్ వ్యవస్థాపకులకూ యాక్టివిజన్‌కూ నడిచిన వ్యాజ్యంలో ఈ ఒప్పందం కోర్టు ముందుకు రావడంతో, 2012లో అందరికీ చదివే అవకాశం కలిగింది. గేమ్ మీద యాజమాన్యం బంగీదేనని, దానిని ప్రచురించి అమ్ముకునే ప్రత్యేక హక్కు యాక్టివిజన్‌దని అందులో ఉంది. 2013తో మొదలుపెట్టి రెండేళ్లకు ఒకటి చొప్పున నాలుగు గేమ్‌లు, వాటి మధ్య పెద్ద ఎక్స్‌పాన్షన్లు (ఉన్న గేమ్‌కు జోడించే కొత్త భాగాలు) ఇవ్వాలన్న షరతు ఉంది. మొదటి గేమ్‌కు, సమీక్షల సగటు చూపే గేమ్‌ర్యాంకింగ్స్ సైటులో 90 మార్కులు వస్తే 25 లక్షల డాలర్ల బోనస్ అన్న వింత నిబంధన కూడా ఉంది. ఆ మార్కులు రాలేదు.

మన వాళ్లు పబ్లిషర్‌ను సినిమా పంపిణీదారుడితో పోల్చుతుంటారు. అది సగమే సరైన పోలిక, ఎందుకంటే తయారీకి డబ్బు పెట్టేది, ప్రచారం చేసేది, అమ్మేది, తన ఖర్చు రాబట్టుకున్న తరువాత స్టూడియోకు రాయల్టీ లెక్క కట్టేది కూడా పబ్లిషరే.

సమాధానం: వరుసలో_నాలుగోవాడిని

ఎందుకు విడిపోయారన్నది పై సమాధానంలోని కాలక్రమాన్ని అసలు జరిగినదానితో పోలిస్తే తేలిపోతుంది. 2013లో రావలసిన మొదటి డెస్టినీ 2014 సెప్టెంబరులో వచ్చింది, రెండేళ్లకు రావలసిన డెస్టినీ 2 మూడేళ్లకు 2017 సెప్టెంబరులో వచ్చింది. ఏటా ఒక కాల్ ఆఫ్ డ్యూటీ విడుదల చేసి, అందులో వచ్చినదంతా తన ఖాతాలోనే వేసుకునే సంస్థకు, ఆలస్యంగా వచ్చే గేమ్‌లో పరాయి స్టూడియోతో వాటా పంచుకోవడం రుచించదు.

2018 సెప్టెంబరులో డెస్టినీ 2కు ఫర్‌సేకెన్ ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఆటగాళ్లు మెచ్చుకున్నారు. కానీ అది తమ అంచనాలను అందుకోలేదని యాక్టివిజన్ అధికారులు నవంబరులో మదుపరులకు బహిరంగంగా చెప్పారు, బంగీ దర్శకులలో ఒకరు తాము నిరాశ చెందలేదని అంతే బహిరంగంగా బదులిచ్చారు. భాగస్వాములు వీధిలో ఇలా మాట్లాడుకుంటున్నారంటే లోపల మాటలు అప్పటికే అయిపోయాయని అర్థం. అంతకు ముందే, ఆ ఏడాది జూన్‌లో, చైనాకు చెందిన గేమ్‌ల సంస్థ నెట్‌ఈజ్ బంగీలో 10 కోట్ల డాలర్లు పెట్టింది. ఆ సొమ్ము ఉండబట్టే గడప దాటే ధైర్యం వచ్చిందని నా అభిప్రాయం. 2019 జనవరి 10న ప్రకటన వెలువడింది, మరునాడు యాక్టివిజన్ షేరు తొమ్మిది శాతం దాకా పడిపోయింది.

బంగీ పోగొట్టుకున్నది కూడా చిన్నదేమీ కాదు. యాక్టివిజన్ సొంత స్టూడియోలైన హై మూన్, వికేరియస్ విజన్స్ డెస్టినీ 2 పనిలో పెద్ద చేయి వేసేవి. విడిపోయిన రోజు నుంచి ఆ చేతులు లేవు.

సమాధానం: తెల్లకాకి

పాత_కన్సోల్ గారు అంతా యాజమాన్యం మీదే ఆధారపడినట్లు రాశారు. నేను పూర్తిగా ఒప్పుకోలేను. హిట్‌మ్యాన్ గేమ్‌లు తయారుచేసే, డెన్మార్క్‌కు చెందిన ఐఓ ఇంటరాక్టివ్ సంగతి చూడండి. అది అప్పట్లో జపాన్ పబ్లిషర్ స్క్వేర్ ఎనిక్స్ సొంత స్టూడియో, అంటే 2007కు ముందటి బంగీ స్థితి. 2017 మేలో స్క్వేర్ ఎనిక్స్ దానిని వదిలించుకుంటున్నట్లు ప్రకటించి, లెక్కల్లో దాదాపు 490 కోట్ల యెన్‌ల నష్టం చూపించింది. కొనేవారి కోసం వెతుకుతుండగానే స్టూడియో కొందరు ఉద్యోగులను తీసివేయవలసి వచ్చింది. అయినా జూన్‌లో యాజమాన్య బృందమే స్టూడియోను తీసుకున్నప్పుడు హిట్‌మ్యాన్ హక్కులు కూడా వారికే దక్కాయి. హేలో విషయంలో మైక్రోసాఫ్ట్‌కు అప్పట్లో తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ అమ్మకాలే దాని మీద నిలబడి ఉండేవి కనుక వదలలేదు, స్క్వేర్ ఎనిక్స్‌కు హిట్‌మ్యాన్ భారమైంది కనుక వదిలింది. బయటికి వెళ్లాలన్న ఆత్రుత ఎవరిదన్నది ఒప్పందం రాతతో సమానంగా లెక్కలోకి వస్తుంది.

ఐఓ వాళ్లు తెలివిగా నడిచారని కూడా చెప్పాలి. 2018లో హిట్‌మ్యాన్ 2ను వార్నర్ సంస్థ చేత ప్రచురింపజేసి, కాస్త నిలదొక్కుకున్న తరువాతే 2021 జనవరిలో హిట్‌మ్యాన్ 3ను సొంతంగా విడుదల చేశారు. బంగీ అన్ని బాధ్యతలనూ ఒకేసారి నెత్తిన వేసుకుంది, చివరికి 2022లో 360 కోట్ల డాలర్లకు సోనీ చేతిలోకి వెళ్లింది. ఆపైన 2023 అక్టోబరులోనూ 2024 జులైలోనూ ఉద్యోగాలు కోసింది, రెండోసారి 220 మంది.

గోదారిగట్టు

వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. నేను డెస్టినీ 2ను పీసీలో బ్యాటిల్‌నెట్ ద్వారా డబ్బు పెట్టి కొన్నాను. ఇప్పుడు అందులో మొదట వచ్చిన రెడ్ వార్ కథ కనబడటం లేదు. ఇది కూడా విడిపోవడం వల్లనేనా?

సమాధానం: వరుసలో_నాలుగోవాడిని

కాదండి, అవి రెండు వేర్వేరు సంగతులు. బ్యాటిల్‌నెట్ యాక్టివిజన్ బ్లిజార్డ్ సొంత వేదిక కాబట్టి, విడిపోయిన తరువాత 2019 అక్టోబరు 1న షాడోకీప్ ఎక్స్‌పాన్షన్‌తో పాటు గేమ్ స్టీమ్ అనే మరో పీసీ వేదికకు మారింది. కొన్నవాటిని, పాత్రలను అక్కడికి బదిలీ చేసుకునే వీలు ఇచ్చారు. విడిపోవడం వల్ల పీసీ ఆటగాళ్లకు కలిగిన శ్రమ అంతవరకే. రెడ్ వార్‌ను తీసివేసింది 2020 నవంబరులో, బియాండ్ లైట్ ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు. గేమ్ మోయలేనంత పెద్దదైందని, పాత భాగాలను సరిచేస్తూ కూర్చుంటే కొత్తవి తయారుచేయలేమని చెప్పి, కొన్ని గ్రహాలతో సహా వాటిని పక్కన పెట్టింది బంగీయే. అప్పటికి పబ్లిషర్ కూడా తానే కాబట్టి నెపం వేయడానికి మరొకరు లేరు. డబ్బు పెట్టి కొన్నవారికి అది అన్యాయమే అంటాను. యాక్టివిజన్ కాలంలో వచ్చిన మొదటి డెస్టినీలో మాత్రం ఇలా ఏ కథనూ తీసివేయలేదు, పీఎస్4 గానీ ఎక్స్‌బాక్స్ వన్ గానీ ఉంటే మొదటి నుంచి చివరి దాకా ఆడుకోవచ్చు.