ఆరేళ్ల పాపకు డాక్సీసైక్లిన్ రాశారు, వేయొచ్చా?

కొత్తమ్మ: పాపకు అయిదు రోజులుగా జ్వరం. స్క్రబ్ టైఫస్ (సన్నటి పురుగు కుట్టి వచ్చే బ్యాక్టీరియా జ్వరం) అని తేలింది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ సిరప్ రాశారు. పళ్ళు పాడవుతాయని అత్తయ్య వద్దంటున్నారు. పాలతో ఇవ్వొచ్చా? పోయినేడు నాకు రాసిన క్యాప్సూల్స్ నాలుగున్నాయి, పనికొస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

మొటిమలరాజు: మొటిమలకు మూడు నెలలు వాడాను. ఒక రాత్రి గుక్కెడు నీళ్లతో మింగి పడుకున్నా. క్యాప్సూల్ అన్నవాహికలో అతుక్కుని పుండు చేసింది. నాలుగు రోజులు మంచినీళ్లు మింగాలన్నా ఏడుపే. గ్లాసు నిండా నీళ్లు తాగి, కనీసం అరగంట నడుం వాల్చకండి. ఎండలో తిరిగితే మొహం కమిలిపోతుంది, అదింకో కథ.

రాత్రిడ్యూటీ: పళ్ళ భయం పాత టెట్రాసైక్లిన్ నాటిది. అది కాల్షియాన్ని పట్టుకుని, ఎదిగే పళ్ళలో చేరి మరక పెడుతుంది. డాక్సీ అంతగా పట్టుకోదు. 21 రోజుల్లోపు కోర్సయితే ఏ వయసుకైనా ఇవ్వొచ్చని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీయే చెప్పింది.

గారపళ్లు: చెప్పడం తేలికేనండీ. చిన్నప్పుడు దగ్గొచ్చినా టెట్రాసైక్లినే పోశారు నాకు. పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నోరు తెరిచి నవ్వలేదు.

రాత్రిడ్యూటీ: అయ్యో, నేనన్నదీ అదే. అది వేరే మందు.

గారపళ్లు: ఒకే కుటుంబం కాదా?

తెలుగుబిడ్డ: ఆ కుటుంబానికి మూలపురుషుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు! 1948లో ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చిందంటే ఆయన చలవే.

మట్టిబుర్ర: కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి. సుబ్బారావు గారు దాన్ని తెచ్చిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనకు అధిపతి.

తెలుగుబిడ్డ: అధిపతి అంటే కుర్చీ వేసుకుని కూర్చున్నారనా? మనవాళ్లకి పేరొస్తే మనకే కళ్ళమంట.

మట్టిబుర్ర: నిజం చెబితే కళ్ళమంటా! ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ మీద ఆయన చేసిన పనుల గురించి చెప్పండి, చేతులెత్తి దండం పెడతా.

రాత్రిడ్యూటీ: అక్కడ పాపకు జ్వరమండీ బాబూ! కొత్తమ్మ గారూ, ఈ స్క్రబ్ టైఫస్ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, పెన్సిలిన్‌కు లొంగదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మెదడు దాకా పోతుంది. ఈ రోజే మొదలుపెట్టండి. పాలు, ఐరన్ టానిక్ మాత్రం రెండు గంటలు ఎడంగా.

మందులకొట్టు: ఇరవై ఏళ్లుగా కౌంటర్ వెనకున్నా, నాకు తెలియని మందా! జలుబుకీ డాక్సీ ఇమ్మనేవాళ్లే. వైరస్‌ను అదేం చేస్తుంది?

కొత్తమ్మ: మిగిలిన క్యాప్సూల్స్ సంగతి ఎవరూ చెప్పలేదు...

మందులకొట్టు: పారేయండమ్మా. అవి పెద్దల డోసు, పాపకు బరువును బట్టి లెక్క కడతారు. పైగా పాడైపోయిన పాత టెట్రాసైక్లిన్ మింగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 1960ల్లోనే వచ్చాయి.

గారపళ్లు: చూశారా, మళ్లీ టెట్రాసైక్లినే!

కొత్తమ్మ: మొదలుపెట్టిన రెండో రోజుకే జ్వరం దిగింది. ఇందాకే ఇడ్లీ అడిగి తింది. అత్తయ్య మాత్రం రోజూ టార్చిలైటు వేసి పళ్ళు చూస్తున్నారు.

గారపళ్లు: ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.